జెడ్ అనాలా, జీ అనాలా?

పిల్లలూ! ఇంగ్లీషులో ఎన్ని అక్షరాలున్నాయని అడిగితే మీరు తడుముకోకుండా 26 అంటారు. వాటి పేర్లు చెప్పమంటే గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. ఇందులో వింత ఏమున్నదీ అనుకుంటున్నారా? ఉన్నది. ఇంగ్లీషు మాట్లాడే దేశాలన్నిటిలోనూ అక్షరాలు అవే. కాని వాటి పేర్లు మాత్రం అన్ని చోట్లా ఒకటి కావు. అక్షరాల సంగతే కాదు. లెక్కల్లో వాడే గుర్తులకూ, పెద్ద పెద్ద సంఖ్యలకూ, తూనికలకూ, కొలతలకూ కూడా ఇదే గొడవ. ఒక్కొక్కచోట ఇంతకంటె పెద్ద తమాషా జరుగుతుంది. పేరు ఒకటే ఉంటుంది, ఆ పేరుగల వస్తువులు రెండుంటాయి!

ఈ తమాషా చాలాసార్లు నవ్వు తెప్పిస్తుంది. ఒక్కసారి మాత్రం ఇటువంటి పొరపాటే 69 మంది ప్రాణాలమీదికి తెచ్చింది. ఆ సంగతి కూడా చెబుతాను. ముందు అక్షరాలతో మొదలుపెడదాం.

చిట్టచివరి అక్షరం

ఇంగ్లీషు అక్షరాలలో చిట్టచివరి దాన్ని మనం "జెడ్" అంటాం. ఇంగ్లండులోనూ, ఆస్ట్రేలియాలోనూ కూడా జెడ్ అనే అంటారు. అమెరికాలో దాని పేరు "జీ". అమెరికా పక్కనే ఉన్న కెనడాలో బళ్ళలో జెడ్ అని నేర్పుతారు. కాని అమెరికా టెలివిజన్ కార్యక్రమాలు చూసే పిల్లలు "జీ" అని కూడా నేర్చుకుంటారు.

ఈ రెండింటిలో ఏది సరి అయినది? ఈ అక్షరం ఇంగ్లీషువారి సొంతం కాదు. గ్రీకు భాషలో దీని పేరు "జీటా". గ్రీకుల దగ్గిరనుంచి రోమనులు తీసుకున్నారు. రోమనుల తరవాత ఫ్రెంచివారి నోట అది "జేడ్" అయింది. ఫ్రెంచివారి నుంచి ఇంగ్లీషువారు తీసుకుని "జెడ్" అన్నారు. అంటే జెడ్ అన్న పేరు వెనక రెండువేల ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉన్నది.

మరి "జీ" ఎలా వచ్చింది? బీ, సీ, డీ, పీ, టీ, వీ అని పలికి చూడండి. ఇన్ని అక్షరాలు "ఈ" అన్న ధ్వనితో ముగుస్తున్నాయి. చివరి అక్షరాన్ని కూడా ఆ వరసలోనే కలిపేసి కొందరు "జీ" అన్నారు. ఇది అమెరికావారు కల్పించిన పేరని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 1677 లో ఇంగ్లండులోనే అచ్చయిన ఒక వాచకంలో ఈ పేరు కనిపిస్తుంది. ఇంగ్లండులో అది నిలవలేదు, సముద్రం దాటి వెళ్ళి అమెరికాలో నిలిచింది. 1828 లో నోవా వెబ్‌స్టర్ అనే అమెరికా పండితుడు తన పెద్ద నిఘంటువులో దీన్ని "జీ" అని పలకాలని రాశాడు. 1835 లో బోస్టన్ నగరంలో అక్షరాల పాట ఒకటి అచ్చయింది. "ట్వింకిల్ ట్వింకిల్" బాణీలో ఇప్పటికీ పిల్లలు పాడే పాట అదే. దాని చివర "జీ" అంటేనే ప్రాస కుదురుతుంది. "జెడ్" అని పాడి చూడండి, పాట చివర కాలు మడతపడుతుంది!

అమెరికాలో పుట్టి పెరిగిన మీ మామయ్య కొడుకు సెలవులకు మీ ఊరు వచ్చాడనుకోండి. ఏదో టిక్కెట్టు నంబరు చదువుతూ "ఏ, జీ, నాలుగు" అన్నాడు. మీరేం రాసుకుంటారు? ఎఫ్ తరవాత వచ్చే జీ రాసుకుంటారు. అతను చెప్పింది చిట్టచివరి అక్షరం! అమెరికావారు ఆ అక్షరాన్ని తుమ్మెద రొద చేసినట్టు పలుకుతారు. ఆ ధ్వనికి మన అక్షరమాలలో వేరే అక్షరం లేదు. అందుచేత మన చెవికి రెండు జీలూ ఒకటే అయి కూర్చుంటాయి. తప్పు అతనిదీ కాదు, మీదీ కాదు.

ఎనిమిదో అక్షరం

ఇప్పుడు ఎనిమిదో అక్షరం చూడండి. మనలో చాలామంది దాన్ని "హెచ్" అంటారు. ఇంగ్లండులో చాలామంది "ఎయిచ్" అంటారు, ముందు హకారం ఉండదు. ఈ పేరు పాత ఫ్రెంచి భాషనుంచి వచ్చింది. ఫ్రెంచివారు హకారాన్ని పలకరు కనక పేరులో కూడా అది లేదు. ఐర్లండులో ఎక్కువమంది "హెయిచ్" అంటారు. బీ పేరులో బకారమూ, డీ పేరులో డకారమూ ఉన్నప్పుడు ఈ అక్షరం పేరులో హకారం ఉండవద్దా అని వాళ్ళ వాదం. వాదం బాగానే ఉన్నది. కాని "డబుల్ యూ" అన్న పేరులో వకారం ఎక్కడ ఉన్నది? కాబట్టి అక్షరాల పేర్లకు తర్కం ఒక్కటే ఆధారం కాదన్నమాట.

ఉత్తర ఐర్లండులో ఈ చిన్న తేడా పెద్ద చిక్కే తెచ్చిపెట్టింది. అక్కడ కాథలిక్కులకూ, ప్రొటెస్టంట్లకూ మధ్య చాలాకాలం వైరం ఉండేది. కాథలిక్కుల బళ్ళలో "హెయిచ్" అనీ, ప్రొటెస్టంట్ల బళ్ళలో "ఎయిచ్" అనీ నేర్పేవారు. అందుచేత ఒక మనిషి ఆ ఒక్క అక్షరాన్ని పలికిన తీరునుబట్టి అతను ఏ మతశాఖవాడో ఎదటివాళ్ళు ఊహించేవారు. చిన్నతనంలో బడిలో పంతులుగారు నేర్పిన పేరునుబట్టి మనిషిని మనవాడనీ, పరాయివాడనీ తీర్మానించటం ఎంత అన్యాయమో మీరే ఆలోచించండి.

మన దగ్గిర కూడా ఇటువంటి తేడాలు ఉన్నాయి. పాత తెలుగు పత్రికలు మీ తాతగారి పెట్టెలో ఉంటే తీసి చూడండి. "యం.ఏ." "యస్.యస్.యల్.సి." అని కనిపిస్తుంది. ఇప్పటి పత్రికల్లో "ఎం.ఏ." "ఎస్.ఎస్.ఎల్.సి." అని ఉంటుంది. మాట మొదట ఎకారం వచ్చినప్పుడు దాని ముందు కొద్దిగా యకారం పలకటం తెలుగువారి అలవాటు. "ఎవరు" అన్న మాటను "యెవరు" అని పలికేవారూ, రాసేవారూ ఉన్నారు గదా! ఆ అలవాటే ఇంగ్లీషు అక్షరాల పేర్లకు కూడా పట్టింది.

తెలుగు అక్షరాలకు మాత్రం ఒక్కటే పేరున్నదా? ఱ అనే అక్షరాన్ని మనం "బండి ర" అంటాం. వ్యాకరణం చదువుకున్నవాళ్ళు దాన్నే "శకటరేఫం" అంటారు. శకటం అన్నా బండే. అక్షరం ఒకటే, పేర్లు రెండు. ఏ పేరుతో పిలిచినా ఆ అక్షరం పలుకుతుంది!

త్రాసులోంచి పుట్టిన రెండు గుర్తులు

అక్షరాలు వదిలి గుర్తుల దగ్గిరకు వద్దాం. ఫోనుమీద సున్నకు ఒక పక్క నక్షత్రమూ, రెండో పక్క # అనే గుర్తూ ఉంటాయి. దీన్ని మనం "హాష్" అంటాం. ఇంగ్లండువారూ అంతే. అమెరికావారు దీన్ని "పౌండ్" అంటారు. అమెరికాలో ఏదైనా కార్యాలయానికి ఫోను చేస్తే "పౌండ్ నొక్కండి" అని గొంతు వినిపిస్తుంది. ఇంగ్లండునుంచి వెళ్ళినవాడు ఆ మాట విని తెల్లబోతాడు. ఎంచేతనంటే వాళ్ళ దేశంలో పౌండ్ అంటే డబ్బు. దాని గుర్తు £. ఆ గుర్తు ఫోనుమీద ఎక్కడా ఉండదు!

రెండు వేరు వేరు గుర్తులకు ఒకే పేరు ఎలా వచ్చింది? రోమనుల భాషలో "లిబ్రా" అంటే త్రాసు. మన తులారాశిని ఇంగ్లీషువారు లిబ్రా అనే అంటారు. "లిబ్రా పోండో" అంటే ఒక లిబ్రా తూకం అని అర్థం. ఈ రెండుమాటల్లో రెండోదానినుంచి "పౌండ్" అన్న పేరు వచ్చింది. మన పెద్దవాళ్ళు దాన్నే "పౌను" అంటారు. మొదటి మాటనుంచి గుర్తు వచ్చింది. తూకం రాసేటప్పుడు లిబ్రా అన్న మాటలోంచి "ఎల్", "బి" అనే రెండక్షరాలు రాసి, ఇది సంక్షిప్తం అని తెలియటానికి పైన అడ్డంగా ఒక గీత గీసేవారు. వర్తకులు ఖాతాల్లో గబగబా రాయగా రాయగా ఆ రెండు నిలువు గీతలూ, అడ్డగీతలూ కలిసి # అయిందని పండితులు చెబుతారు.

మరి డబ్బు గుర్తు? పూర్వం ఇంగ్లండులో ఒక పౌను బరువు వెండితో 240 పెన్నీలు తయారుచేసేవారు. అందుచేత 240 పెన్నీలను ఒక పౌను అన్నారు. దాన్ని రాయటానికి లిబ్రా అన్న మాటలోని మొదటి అక్షరం ఎల్ తీసుకుని అడ్డగీత పెట్టారు. అదే £. చూశారా? రెండు గుర్తులూ ఒకే త్రాసులోంచి పుట్టిన కవలపిల్లలు!

ఈ కవలలు యంత్రాలను కూడా తికమక పెట్టాయి. అమెరికా కీబోర్డుమీద 3 అంకె పైన # ఉంటుంది, ఇంగ్లండు కీబోర్డుమీద అదే చోట £ ఉంటుంది. మొదటి రోజుల్లో కంప్యూటర్లు ఒక్కొక్క గుర్తుకూ ఒక్కొక్క సంఖ్య పెట్టుకునేవి. అమెరికావారు #కు ఇచ్చిన సంఖ్యనే ఇంగ్లండువారు £కు ఇచ్చుకున్నారు. దాంతో అమెరికాలో "#5", అంటే "5 వ నంబరు", అని రాసి పంపితే ఇంగ్లండులోని యంత్రం "£5" అని అచ్చువేసేది. నంబరు కాస్తా డబ్బైపోయింది!

లెక్కల పుస్తకంలో కుండలీకరణాలు ఉంటాయి గదా? ఇంగ్లండువారు వాటిని "బ్రాకెట్లు" అంటారు. అమెరికావారు "పెరెంతసిస్" అంటారు. అందుచేత మీరు బడిలో "బోడ్‌మాస్" అని బట్టీపట్టే సూత్రాన్ని అమెరికా పిల్లలు "పెమ్‌డాస్" అని బట్టీపడతారు. మన సూత్రంలో భాగహారం ముందు వస్తుంది, గుణకారం తరవాత. వాళ్ళ సూత్రంలో గుణకారం ముందు, భాగహారం తరవాత. అయితే ఇద్దరికీ జవాబులు వేరుగా రావాలి గదా? 12 ÷ 3 × 2 చేసి చూడండి. సరి అయిన జవాబు రెండుదేశాలలోనూ 8. ఎంచేతనంటే గుణకారానికీ, భాగహారానికీ సమాన హోదా. ఎడమనుంచి కుడికి ఏది ముందు వస్తే అది చేయాలి. సూత్రంలోని అక్షరాలు మాత్రమే పట్టుకుని, గుణకారమే ముందు అనుకున్న పిల్లవాడికి 2 వస్తుంది, మార్కులు పోతాయి. పేరు బట్టీపడితే చాలదు, అసలు నియమం తెలియాలి.

లక్ష కోట్లా, వంద కోట్లా?

సంఖ్యలు చదవటంలో కూడా తేడాలున్నాయి. ఫోను నంబరు చెప్పేటప్పుడు మనం "డబుల్ ఫోర్", "ట్రిపుల్ సెవెన్" అంటాం. ఇది ఇంగ్లండు అలవాటు. అమెరికావారు "ఫోర్, ఫోర్" అని విడివిడిగా చెబుతారు. సున్నను కొందరు "జీరో" అంటారు, కొందరు "నాట్" అంటారు, కొందరు "ఓ" అంటారు. "ఓ" అక్షరమా, అంకెా అని అడిగితే తప్ప తెలియదు.

ఇవి చిన్న తేడాలు. "బిలియన్" అన్న మాట చూడండి. అమెరికాలో బిలియన్ అంటే మన లెక్కలో వంద కోట్లు, ఒకటి పక్కన 9 సున్నలు. ఇంగ్లండులో పూర్వం బిలియన్ అంటే లక్ష కోట్లు, ఒకటి పక్కన 12 సున్నలు. అంటే ఒకే మాటకు అర్థం వెయ్యి రెట్లు తేడా! అమెరికావాడు రాసిన పుస్తకంలో ఒక నక్షత్రం ఇన్ని బిలియన్ మైళ్ళ దూరాన ఉన్నదని చదివి, ఇంగ్లండు పిల్లవాడు దాన్ని వెయ్యి రెట్లు దూరం నెట్టేసేవాడన్నమాట. చివరకు 1974 డిసెంబరులో ఇంగ్లండు ప్రధానమంత్రి హెరాల్డ్ విల్సన్, ఇకమీదట తమ ప్రభుత్వం బిలియన్ అన్న మాటను వంద కోట్లకే వాడుతుందని పార్లమెంటుకు తెలియజేశాడు.

మన లక్షకూ, కోటికీ ఇటువంటి గొడవ లేదు. కాని వాటిని రాసేటప్పుడు మనం కామాలు పెట్టే పద్ధతి వేరు. కోటిని మనం 1,00,00,000 అని రాస్తాం. పై దేశాలవారు 10,000,000 అని రాస్తారు. సున్నలు లెక్కపెట్టండి, రెండింటిలోనూ ఏడే.

గాలనులో ఎంత పడుతుంది?

ఇప్పుడు కొలతలు. అమెరికాలో పెట్రోలును ఇప్పటికీ గాలన్లలో అమ్ముతారు. అమెరికా గాలను 3.785 లీటర్లు. ఇంగ్లండు గాలను 4.546 లీటర్లు. అయిదు ఇంగ్లండు గాలన్లు సుమారు ఆరు అమెరికా గాలన్లతో సమానం.

దీనికి కారణం ఉన్నది. పూర్వం ఇంగ్లండులో సారాయికి ఒక గాలను, బీరుకు ఒక గాలను, ధాన్యానికి ఒక గాలను ఉండేవి. 1707 లో, ఆన్ రాణి కాలంలో, సారాయి గాలను 231 ఘనపు అంగుళాలని చట్టం చేశారు. అప్పట్లో అమెరికా వలసలు ఇంగ్లండు కింద ఉండేవి కనక ఆ గాలను అక్కడికి కూడా వెళ్ళింది. తరవాత అమెరికా స్వతంత్రం సంపాదించుకున్నది. 1824 లో ఇంగ్లండువారు పాత గాలన్లన్నీ రద్దుచేసి, పది పౌనుల నీరు పట్టేది గాలను అని కొత్త చట్టం చేశారు. అప్పటికి అమెరికా వేరే దేశం గనక ఆ చట్టం అక్కడ చెల్లలేదు. అమెరికావారు ఈనాటికీ ఆన్ రాణిగారి గాలనుతోనే కొలుస్తున్నారు!

టన్ను సంగతీ ఇంతే. ఇంగ్లండు పాత టన్ను 2,240 పౌనులు, అంటే సుమారు 1,016 కిలోలు. అమెరికా టన్ను 2,000 పౌనులు, అంటే సుమారు 907 కిలోలు. మెట్రిక్ టన్ను సరిగా 1,000 కిలోలు.

ఇటువంటి చిక్కు మన దేశంలోనూ ఉండేది. బ్రిటిషువారి కాలంలో మణుగును ఇంగ్లీషులో "మౌండ్" అని రాసేవారు. తెలుగు జిల్లాలు కొన్ని మద్రాసు రాజధానిలో ఉండేవి. అక్కడి మణుగు 8 వీశెలు, అంటే 25 పౌనులు, సుమారు 11 కిలోలు. బొంబాయి మణుగు 28 పౌనులు. బెంగాలు మణుగు 82 పౌనులకు పైన, అంటే సుమారు 37 కిలోలు. వంద మణుగుల సరుకు కావాలని మద్రాసు వర్తకుడు కలకత్తాకు ఉత్తరం రాస్తే, ఏ మణుగో చెప్పకపోయినట్టయితే, మూడు రెట్లు సరుకు వచ్చి పడేది! ఈ గందరగోళం పోగొట్టటానికే మన ప్రభుత్వం 1956 లో చట్టం చేసి, 1958 అక్టోబరునుంచి అంచెలంచెలుగా కిలోగ్రాములు ప్రవేశపెట్టింది.

ఆకాశంలో ఆగిన ఇంజన్లు

ఇక ఆ 69 మంది కథ. 1983 జులై 23 న కెనడాలో మాంట్రియల్‌నుంచి ఎడ్మంటన్‌కు ఎయిర్ కెనడావారి బోయింగ్ 767 విమానం ఒకటి బయలుదేరింది. అందులో 61 మంది ప్రయాణీకులు, 8 మంది సిబ్బంది. కెనడా అప్పుడప్పుడే పౌనులు వదిలి కిలోగ్రాములకు మారుతున్నది. ఆ కంపెనీ పాత విమానాలన్నీ పౌనుల లెక్క. కొత్తగా వచ్చిన 767 కిలోల లెక్క.

ఆ రోజున విమానంలో ఇంధనం ఎంత ఉన్నదో చూపించే యంత్రం పనిచేయటం లేదు. అందుచేత ట్యాంకులో పుల్లపెట్టి కొలిచారు. 7,682 లీటర్లు ఉన్నది. ప్రయాణానికి 22,300 కిలోల ఇంధనం కావాలి. లీటర్లను కిలోలుగా మార్చాలంటే ఒక లీటరు ఇంధనం ఎంత బరువో తెలియాలి. అది సుమారు 0.8 కిలో. కాని వాళ్ళ దగ్గిర ఉన్న అంకె 1.77. అది పౌనుల అంకె! లీటరు ఇంధనం 1.77 పౌనులు తూగుతుంది. ఆ తేడా ఎవరూ గమనించలేదు. 7,682ను 1.77తో గుణిస్తే 13,597 వచ్చింది. అవి నిజానికి పౌనులు, వాళ్ళు కిలోలనుకున్నారు. ట్యాంకులో నిజంగా ఉన్నవి 6,200 కిలోలకు లోపే. ఇంకా 20,000 లీటర్లు పోయవలసిన చోట 5,000 లీటర్లు కూడా పోయలేదు.

దారిలో అటావాలో దిగినప్పుడు మళ్ళీ కొలిచారు. మళ్ళీ అదే 1.77తో గుణించారు. లెక్క సరిపోయింది!

విమానం 41,000 అడుగుల ఎత్తున పోతూండగా ఇంధనం అయిపోయింది. ఒక ఇంజను ఆగింది. తరవాత రెండోదీ ఆగింది. అంత పెద్ద విమానం ఇంజన్లు లేకుండా గాలిలో జారుతూ కిందికి రాసాగింది. ప్రయాణీకుల అదృష్టం కొద్దీ కెప్టెన్ రాబర్ట్ పియర్సన్‌కు ఇంజను లేని గ్లైడర్లను నడిపే అనుభవం ఉన్నది. ఆయన సహాయకుడు మోరిస్ క్వింటాల్‌కు గిమ్లీ అనే ఊళ్ళోని పాత సైనిక విమానస్థలం తెలుసు. ఇద్దరూ విమానాన్ని అక్కడికి తిప్పారు. ఆ స్థలం అప్పటికే కార్లపందాలకు వాడుతున్నారు, ఆ రోజున అక్కడ జనం కూడా ఉన్నారు. ముందు చక్రం సరిగా బిగుసుకోలేదు. విమానం ముక్కు నేలకు రాసుకుంటూ పోయి, జనానికి ఇవతలే ఆగిపోయింది. కిందికి దిగేటప్పుడు కొద్దిమందికి చిన్న చిన్న దెబ్బలు తగిలాయి. అంతే. ఒక్కరి ప్రాణం కూడా పోలేదు.

ఆ రోజున గుణకారం తప్పు కాలేదు, సంఖ్య కూడా తప్పు కాదు. 1.77 ఏమిటి, పౌనులా, కిలోలా అని ఒక్కరు అడిగి ఉంటే ఆ విమానం హాయిగా గమ్యం చేరేది.

మరి దీనికి మందేమిటి?

అన్ని దేశాలవారూ ఒకే పేరు వాడాలంటే అయ్యే పని కాదు. ఎవరికి చిన్ననాటినుంచి అలవాటైన పేరు వారికి ముద్దు. అందుచేత తెలివైనవాళ్ళు ఒక ఉపాయం చేశారు. ఇంటిలో ఎవరి పేర్లు వారివి. పదిమందితో పని పడినచోట మాత్రం అందరూ ఒప్పుకున్న పేరు.

విమానం నడిపేవాళ్ళు రేడియోలో అక్షరాలు చెప్పుకోవాలి. టెలిఫోను, రేడియో మన గొంతును ఉన్నదున్నట్టు అందించవు. బుసకొట్టినట్టుండే ధ్వనుల్లో సన్నని పైస్థాయి భాగం పోతుంది. అందుచేత "ఎఫ్", "ఎస్" ఒకేలా వినిపిస్తాయి. "బీ, డీ, పీ, టీ" అయితే మామూలుగానే కలగాపులగం. అందుకని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థవారు అక్షరానికొక మాట ఏర్పరిచారు. 1956 మార్చి 1 నుంచి అవి అమలులోకి వచ్చాయి. ఆల్ఫా, బ్రావో, చార్లీ, డెల్టా అని వరసగా సాగుతాయి. చివరి అక్షరానికి మాట "జూలూ". జెడ్ అనేవాడూ జూలూ అనే అంటాడు, జీ అనేవాడూ జూలూ అనే అంటాడు. తగాదా తీరింది! "నైన్" అన్న అంకె "ఫైవ్" లాగా వినిపించవచ్చు కనక దాన్ని "నైనర్" అని పలకమన్నారు.

కొలతలకు కూడా ఇటువంటి ఏర్పాటే ఉన్నది. 1960 లో పారిస్‌లో అనేక దేశాల ప్రతినిధులు సమావేశమై అంతర్జాతీయ కొలమానాన్ని నిర్ణయించారు. అందులో మీటరుకూ, కిలోగ్రాముకూ, సెకండుకూ ఒక్కొక్క గుర్తు ఉన్నది. మీటరు అన్న మాటను ఇంగ్లండువారు ఒకవిధంగా, అమెరికావారు ఇంకొకవిధంగా రాస్తారు. మనం తెలుగులో రాస్తాం. కాని గుర్తు మాత్రం అందరికీ చిన్నబడి ఎం అక్షరమే.

ఒక ప్రయోగం, ఒక లెక్క

మీరు ఇంట్లోనే ఒక ప్రయోగం చేయవచ్చు. చెల్లెలినో, తమ్ముణ్ణో పక్కగదిలో కూర్చోబెట్టి తలుపు మూయండి. బీ, డీ, పీ, టీ, వీ, ఎఫ్, ఎస్ అనే అక్షరాలను ఇష్టమొచ్చిన వరసలో కలిపి 20 అక్షరాలు కాగితం మీద రాసుకుని, మామూలు గొంతుతో చదవండి. తలుపుకు అవతల ఉన్నవాళ్ళు విన్నది రాయాలి. తరవాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఎన్ని తప్పులో లెక్కపెట్టండి. రెండోసారి ప్రతి అక్షరానికీ మీ ఇంట్లో అందరికీ తెలిసిన ఒక మాట ఏర్పరుచుకుని చదవండి. బీకి "బంతి", డీకి "డబ్బా", ఎస్‌కు "సబ్బు" - ఇలా మీ ఇష్టం. తప్పులు ఎన్ని తగ్గాయో చూడండి. అమ్మనూ, నాన్ననూ కూడా ఈ ఆటలో చేర్చుకోండి. బ్యాంకు కాగితాలూ, మందుల పేర్లూ ఫోనులో చెప్పవలసి వచ్చినప్పుడు వాళ్ళకు ఈ విద్య పనికివస్తుంది.

లెక్కల నోటుపుస్తకంలో మాత్రం ఒక నియమం పెట్టుకోండి. జవాబు పక్కన లీటర్లో, కిలోలో, మైళ్ళో రాయనిదే కలం కింద పెట్టకండి. పంతులుగారు అందుకు అరమార్కు తీసేస్తే కోపం తెచ్చుకోకండి, గిమ్లీలో దిగిన విమానాన్ని తలుచుకోండి. కొత్తగా మీ తరగతిలో చేరిన పిల్లవాడు ఏదైనా అక్షరాన్ని మీకు తెలియని పేరుతో పిలిస్తే నవ్వకండి. "మీ ఊళ్ళో అలా అంటారా?" అని అడగండి. మీకొక కొత్త పేరు తెలుస్తుంది, అతనికొక స్నేహితుడు దొరుకుతాడు.

ఇక లెక్క. ఒక కారు ఒక అమెరికా గాలను పెట్రోలుతో 40 మైళ్ళు పోతుంది. అదే కారు ఒక ఇంగ్లండు గాలను పెట్రోలుతో ఎన్ని మైళ్ళు పోతుంది? కావలసిన వివరం పైన చెప్పేశాను. జవాబు చూడకుండా చేయండి.

(జవాబు: సుమారు 48 మైళ్ళు.)